కాలేజీ రోడ్డు స్నాక్స్ సెంటర్‌లో ఆరు సాయంత్రాలు

నరసరావుపేటలో మా పెద్దమ్మాయి ఇంటర్ చదివే కాలేజీ గేటు దాటి నాలుగు కొట్లు నడిస్తే ఒక స్నాక్స్ సెంటర్ వస్తుంది. రేకుల షెడ్డు, ముందు రెండు గ్యాస్ పొయ్యిలు, గాజు బీరువాలో పఫ్‌లు, పక్కన కూల్‌డ్రింకుల ఫ్రిజ్, పైన తోరణాల్లా వేలాడే పది రూపాయల ప్యాకెట్లు. కొట్టు పేరు ఇక్కడ రాయడం లేదు. నడిపే ఆయన మీద నాకు కోపం లేదు. ఇలాంటి కొట్టు మీ పిల్లల కాలేజీ దగ్గర కూడా ఉండే ఉంటుంది.

నేను ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పదహారేళ్లుగా రక్తం తీయడం, రిపోర్టు రాయడం నా పని. పదిహేను, పదహారేళ్ల ఆడపిల్లలకి హిమోగ్లోబిన్ తొమ్మిది, తొమ్మిదిన్నర రావడం నేను రోజూ చూసేదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లేనని తేలింది. అయినా మన ఇంటి దాకా వచ్చేసరికి వేరుగా ఉంటుంది. జూన్ చివర్లో మా అమ్మాయి మెట్లెక్కితే ఆయాసం వస్తోందంది. దువ్వెన నిండా జుట్టు. నేనే సూది పట్టుకున్నాను. 8.9 వచ్చింది. మెషీన్ తప్పేమోనని మళ్లీ పెట్టాను. మళ్లీ 8.9. ఎర్ర కణాలు ఉండాల్సినదానికంటే బాగా చిన్నవిగా ఉన్నాయి, అది ఎక్కువగా ఐరన్ లోపానికి గుర్తు. ఈ వయసు ఆడపిల్లకి కనీసం 12 ఉండాలి.

డాక్టరుగారు ఐరన్ మాత్రలు, నులిపురుగుల మాత్ర రాసి, "పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం తింటావో గంట గంటకీ చెప్పమ్మా" అని అడిగారు. అది చెబుతుంటే పక్కన కూర్చున్న నాకే చాలా సంగతులు మొదటిసారి తెలిశాయి. పొద్దున 7:30కి ఆటో వస్తుంది కాబట్టి రెండు ఇడ్లీలు, ఒక్కోసారి అవీ లేవు. మధ్యాహ్నం క్యారేజీ తెరిచేసరికి అన్నం చల్లారి గడ్డ కట్టి ఉంటుంది, సగం తిని మూత పెట్టేస్తుంది. సాయంత్రం 4:50కి అరగంట విరామం. ఆ అరగంటలో ఈ కొట్టు. మళ్లీ 8 దాకా స్టడీ అవర్. ఇంటికొచ్చాక "ఆకలి లేదమ్మా" అని పెరుగన్నం రెండు ముద్దలు. అంటే మా పిల్ల రోజు మొత్తంలో కడుపు నిండా తినేది ఈ కొట్లోనే. నేను చిరుతిండి అనుకుంటున్నది తనకి అసలు భోజనం.

అందుకే జూలై మొదటి వారంలో సోమవారం నుంచి శనివారం దాకా డ్యూటీ అయ్యాక నేరుగా అక్కడికి వెళ్లి, బెంచీ మీద కూర్చుని, పిల్లలు ఏవి ఎక్కువ కొంటున్నారో అవే కొనుక్కుని తిన్నాను.

ముందు మంచి మాటలు చెప్పాలి. కొట్టు శుభ్రంగా ఉంటుంది. కొట్టాయన తలకి గుడ్డ కట్టుకుంటాడు, డబ్బులు ముట్టుకున్న చేత్తో తిండి ముట్టుకోడు, డబ్బుల సంగతి వాళ్లావిడ చూసుకుంటుంది. తాగే నీళ్లు మూత ఉన్న క్యాన్లో ఉంటాయి. ఆడపిల్లలు వస్తే ముందు వాళ్లకిచ్చి పంపిస్తాడు, అబ్బాయిలు అల్లరి చేస్తే "ఏరా, చెల్లెళ్లున్నారు, మెల్లగా" అంటాడు. పిల్లలందరికీ ఆయన బాబాయే. డబ్బులు లేకపోతే రాసుకుని రేపిమ్మంటాడు. రుచి కూడా బాగుంటుంది. పిల్లలు ఊరికే ఎగబడడం లేదు.

ఎక్కువ అమ్ముడుపోయేది నూడుల్స్. ఫుల్ 50, హాఫ్ 30. పొద్దునే ఉడకబెట్టి, అంటుకోకుండా నూనె రాసి టబ్బులో పెడతారు. అడిగితే ఒక ప్లేటు నా ఎదురుగా చేశాడు. బాండీలో రెండు గరిటెల నూనె, గుప్పెడు క్యాబేజీ, ఒక చెంచా ఉప్పు, చిటికెడు అజినమోటో, సోయా సాస్ రెండు చిమ్ములు, ఎర్ర మిరప సాస్, పైన టమాటా సాస్. అజినమోటో గురించి భయపెట్టే మాటలు చాలా తిరుగుతుంటాయి. నాకు దానికంటే ఉప్పే ఎక్కువ టెన్షన్. ఒక పెద్ద చెంచాడు సోయా సాస్‌లోనే రెండు గ్రాముల పైన ఉప్పు ఉంటుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో మనిషికి రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దని చెప్పింది. ఈ ఒక్క ప్లేటుతో ఆ లెక్క దాదాపు అయిపోతుంది, ఇంకా ఇంట్లో పప్పు, పచ్చడి, మజ్జిగలో ఉప్పు మిగిలే ఉన్నాయి. సోమవారం నేను 5 గంటలకి ప్లేటు ఖాళీ చేశాను. కడుపు నిండుగా, హాయిగా ఉంది. ఏడు కాకముందే నాలుక పిడచకట్టింది, మళ్లీ ఆకలి. అందులో ఉన్నది మైదా, నూనె, ఉప్పే, రక్తం పట్టేదేమీ లేదు. వారానికోసారి స్నేహితులతో హాఫ్ ప్లేటు తింటే నాకే అభ్యంతరం లేదు. మా అమ్మాయి వారానికి నాలుగు రోజులు తింటోంది.

మంచూరియా మంగళవారం తిన్నాను. వేళ్లకంటిన ఎరుపు సబ్బుతో రెండుసార్లు కడిగితే గానీ పోలేదు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడకూడదని, పీచు మిఠాయిలో రోడమిన్-బి అనే రంగు వాడకూడదని నిషేధం పెట్టింది. రోడమిన్-బి బట్టలకి వేసే రంగు, తిండిలో వేసేది కానేకాదు. ఈ కొట్టులో వాడేది ఏ రంగో చూద్దామని డబ్బా అడిగితే, చేతిరాతతో 'ఆరెంజ్ రెడ్' అని ఉన్న ప్లాస్టిక్ పొట్లం తీశాడు. కంపెనీ పేరు లేదు, లైసెన్సు నంబరు లేదు, తేదీ లేదు.

"ఇది లేకుండా వేయలేవా అన్నయ్యా?" అన్నాను.

"వేస్తానమ్మా, కానీ తెల్లగా ఉంటే పాతదనుకుంటారు పిల్లలు."

నా కోసం ఒక ప్లేటు రంగు లేకుండా వేశాడు. పక్కన నిలబడ్డ ముగ్గురు అబ్బాయిలకి తలో ముక్క ఇచ్చాను. రుచిలో తేడా ఉందా అని అడిగితే ముగ్గురూ లేదన్నారు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతున్నాను: రంగు వేసిన మంచూరియా మీ పిల్లలకి కొనివ్వకండి. రంగు వద్దు అని అడిగితే చేసిస్తారు.

పునుగులు, మిరపకాయ బజ్జీలు నాకు చిన్నప్పటి నుంచి ఇష్టం, మా అమ్మ వానపడితే చాలు పొయ్యి మీద మూకుడు పెట్టేది. బుధవారం వాటి కోసం వెళ్లి తినకుండా లేచాను. మూకుడులో నూనె కాఫీ డికాక్షన్ రంగులో ఉంది, పిండి పడగానే అంచుల వెంట నురగ కట్టింది, ఆ నురగ అణగడం లేదు. నూనె పాడైందనడానికి ఇంతకంటే గుర్తు అక్కర్లేదు. నూనెని మళ్లీ మళ్లీ మరిగిస్తే అది విరిగి పోలార్ కాంపౌండ్స్ అనేవి తయారవుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వంటకి పనికిరాదని 2018 జూలై నుంచి దేశమంతా నిబంధన ఉంది. ఆయన్ని అడిగితే దాచకుండా చెప్పాడు. మూడు రోజులకోసారి మారుస్తాడట, మధ్యలో తగ్గినంత కొత్త నూనె పోస్తాడట. పాత నూనెలో కొత్తది పోస్తే కొత్తదీ త్వరగా పాడవుతుంది. వాడేసిన నూనెని బయోడీజిల్‌కి కొనుక్కునే ఏర్పాటు కూడా ఉందని చెబితే ఆ మాట ఎప్పుడూ వినలేదన్నాడు. బజ్జీ తినాలనుకుంటే సోమ, గురువారాల్లో తినండి, ఆ రెండు రోజులూ నూనె కొత్తది.

పఫ్‌ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. బయట బేకరీ నుంచి వస్తాయి. ఎగ్ పఫ్ 20 రూపాయలు, అందులో సగం గుడ్డు, చుట్టూ పొరలు పొరలుగా మైదా, కొవ్వు. పేపరు మీద ఐదు నిమిషాలు పెడితే వెనక అక్షరాలు కనిపించాయి. శాండ్‌విచ్‌లో వేసే మయొనైజ్ గుడ్డు లేని రకమే, ప్యాకెట్ చూపించాడు. పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ని తెలంగాణలో 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించారని ఆయనకి తెలుసు, అందుకే మార్చాడట. అందుకు మెచ్చుకున్నాను. కానీ కోసిన ప్యాకెట్ సాయంత్రమంతా పొయ్యి పక్కనే ఉంటోంది. పల్నాడు ఎండలో అది ఫ్రిజ్‌లో ఉండాలి.

ఇక ఫ్రిజ్. నేను ఎక్కువ సేపు మాట్లాడాల్సింది దీని గురించే.

గురువారం సాయంత్రం రెండో సంవత్సరం అబ్బాయి ఒకడు 20 రూపాయల ఎనర్జీ డ్రింక్ ఒకటి అక్కడే గటగటా తాగి, ఇంకోటి బ్యాగులో పెట్టుకున్నాడు. సన్నగా ఉన్నాడు, కళ్ల కింద నల్లగా ఉంది.

"రెండెందుకు నాన్నా?" అన్నాను.

"రేపు వీక్లీ టెస్ట్ ఉందాంటీ. ఒంటిగంట దాకా చదవాలి. ఇది తాగితే నిద్ర రాదు."

"పొద్దున ఏం తిన్నావు?"

కాసేపు ఆలోచించి, "టీ తాగాను" అన్నాడు.

అదే సీసా నేనూ కొని కళ్లజోడు పెట్టుకుని చదివాను. వంద మిల్లీలీటర్లకి కెఫీన్ 29 మిల్లీగ్రాములు. 250 మిల్లీలీటర్ల సీసాకి 72, అంటే దాదాపు రెండు కప్పుల టీలో ఉన్నంత. చక్కెర మూడు, నాలుగు చెంచాలు. దాని పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో, పిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి ఇది తగదని రాసి ఉంది. ఆ మాట రాయాలని మన దేశంలో ఆహార భద్రతా నిబంధనల్లోనే ఉంది. రాసి ఉంది సరే, పదహారేళ్ల పిల్లవాడికి అది ఎవరు చదివి చెప్పాలి? కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం 5కి తాగినదాంట్లో సగం రాత్రి 10కి కూడా రక్తంలో తిరుగుతూ ఉంటుంది. నిద్ర పట్టదు, పట్టినా గాఢంగా ఉండదు, పొద్దున లేవగానే తల బరువు, మళ్లీ సాయంత్రం అదే సీసా. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2011లోనే పిల్లలు, టీనేజర్లు ఎనర్జీ డ్రింకులు అసలు తీసుకోకూడదని చెప్పింది. చదివింది గుర్తుండేది నిద్రలోనే కదా. ఆ అబ్బాయికి ఇదంతా చెప్పాను. విన్నాడు. రెండో సీసా తిరిగి ఇవ్వలేదు. నాకు ఆ రాత్రి వాడే గుర్తొచ్చాడు.

కొట్టాయనకి ఆ అక్షరాలు చదివి వినిపించాను. "నాకు ఇంగ్లీషు రాదమ్మా, సీసా మీద ఇట్లా రాసుంటదని నిజంగా తెలీదు" అన్నాడు. మర్నాడు వెళ్లేసరికి ఆ సీసాలు ముందు వరసలోంచి కిందికి మారాయి. అమ్మడం ఆపలేదు. ఆపమని అడిగాను, ఇంకా అడుగుతూనే ఉంటాను.

మామూలు కూల్‌డ్రింకులో కెఫీన్ తక్కువే, చక్కెర మాత్రం ఎక్కువ. 250 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 26 గ్రాములు. పైనుంచి వేసుకునే చక్కెర రోజుకి 20 నుంచి 25 గ్రాముల లోపే ఉండాలని అదే పోషకాహార సంస్థ చెబుతోంది. పది రూపాయల చిప్స్ ప్యాకెట్లలో దాదాపు మూడో వంతు నూనే, మా అబ్బాయి తొమ్మిదో తరగతి, వాడికివంటే ప్రాణం. బడి గేటుకి 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్నవి అమ్మకూడదని 2020లో నిబంధన వచ్చింది. వాడి బడి ముందు ఎవరైనా టేపు పట్టుకుని కొలవడం నేనింతవరకూ చూడలేదు.

ఆడపిల్లల తల్లులకి ఇంకొక్క మాట. ఈ కొట్టులో టీ బాగుంటుంది, అల్లం దంచి వేస్తారు. మా అమ్మాయి పఫ్‌తో పాటు రోజూ టీ తాగేది. టీలో ఉండే టానిన్లు తిండిలోని ఐరన్‌ని ఒంటికి సరిగా పట్టనివ్వవు. తిండికీ టీకీ మధ్య కనీసం గంట ఉండాలి. మాత్ర వేసుకునే పిల్లలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నెలనెలా రక్తం పోయే వయసులో, ఎముకలు గట్టిపడే వయసులో, కడుపు నిండినట్టుండి ఒంటికేమీ అందకపోతే ఆ లోటు పైకి కనపడదు. నా దగ్గరికి రక్తపరీక్షకి వచ్చినప్పుడే కనపడుతుంది.

అలాగని పిల్లల్ని కొట్టుకి వెళ్లొద్దంటే కుదరదు. 4:50కి వాళ్లకి నిజంగానే ఆకలేస్తుంది. పన్నెండున్నరకి చల్లటి అన్నం సగం తిన్న పిల్లకి రాత్రి 8:30 దాకా ఏమీ పెట్టకుండా ఎలా ఉంచుతాం? కాలేజీ తల్లిదండ్రుల మీటింగులో లేచి అడిగాను. ఫీజులో నెలకి ఇంతని తీసుకోండి, సాయంత్రం ఒక గ్లాసు పాలు, గుప్పెడు శనగలు పెట్టండి అన్నాను. "చూద్దాం మేడమ్" అన్నారు. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి డొక్కా సీతమ్మగారి పేరు మీద మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. వేలకి వేలు ఫీజు కట్టే మా పిల్లలకి గుప్పెడు శనగలు పెట్టేవాళ్లు లేరు.

అందుకే శుక్రవారం కొట్టాయన భార్యతో కూర్చుని మాట్లాడాను. "వదినా, రోజుకి రెండు కిలోల శనగలు నానబెట్టి ఉడకబెట్టు, తాలింపు వేసి ఉల్లిపాయ, నిమ్మకాయ పిండి ప్లేటు ఇరవైకి అమ్ము. మొదటి వారం మిగిలినవి నేను కొనుక్కుంటాను" అన్నాను. ఆమె నవ్వి సరేనంది. గుడ్లు ఎలాగూ హోల్‌సేల్‌గా తెస్తారు కాబట్టి ఉడికిన గుడ్డు చీల్చి ఉప్పు, కారం, మిరియాల పొడి చల్లి పదిహేనుకి పెట్టమన్నాను.

శనివారం పెట్టింది. గుగ్గిళ్లు పదకొండు ప్లేట్లు పోయాయి, సోమవారం నాలుగే. మిగిలినవి మాట ప్రకారం ఇంటికి తెచ్చుకుని మా వీధిలో పంచాను. గుడ్లు మాత్రం మొదటి రోజు నుంచే ముప్పై దాకా అయిపోయాయి, ముఖ్యంగా అబ్బాయిలు రెండేసి తింటున్నారు. తర్వాత వారం ఆమే ఒక ఉపాయం చేసింది. శనగలతో పాటు పల్లీలు ఉడకబెట్టి, పచ్చి మామిడి తురుము కలిపి, పేపరు పొట్లంలో కాకుండా నూడుల్స్ పెట్టే గిన్నెలోనే ఫోర్కుతో ఇచ్చింది. అప్పటి నుంచి రోజుకి పాతిక గిన్నెలు పోతున్నాయి. రుచి నాకు చాలా నచ్చింది, పోపులో ఇంగువ వేస్తుంది. నిమ్మకాయ పిండించుకోవడం మానొద్దు. శనగల్లోని ఐరన్ ఒంటికి బాగా పట్టాలంటే సి విటమిన్ కావాలి. కొట్టు పక్కనే జామకాయల బండి మామ్మ ఉంటుంది, పది రూపాయలకి ఒక పెద్ద కాయ కోసి ఉప్పు, కారం రాసి ఇస్తుంది. సి విటమిన్ నారింజలో కంటే జామకాయలోనే ఎక్కువ.

రేటింగు అడిగేవాళ్లకి: శుభ్రతకి ఐదుకి నాలుగు. మనుషులకి ఐదుకి ఐదు. రుచికి నాలుగు. నూనెకి ఒకటి, రంగుకి సున్నా. ఫ్రిజ్‌లోని ఎనర్జీ డ్రింకులకి కూడా సున్నా, అవి ఉన్నంత కాలం ఈ కొట్టుకి నేను మొత్తం మీద రెండున్నర కంటే ఎక్కువ ఇవ్వలేను.

మా అమ్మాయికి ఆగస్టు నెలాఖరులో మళ్లీ పరీక్ష చేశాను. 10.7 వచ్చింది. అందులో ఎక్కువ భాగం మాత్రల పుణ్యమే, ఇంకా 12కి చేరాలి. నూడుల్స్ పూర్తిగా మానలేదు, శనివారం హాఫ్ ప్లేటు తింటుంది. మిగతా రోజుల్లో గిన్నె, గుడ్డు, జామకాయ. కొట్టుకి వెళ్లే పిల్లలకి మీరు చెప్పాల్సిందొకటుంది. గిన్నెలు 5:10 కల్లా అయిపోతున్నాయి, గంట కొట్టగానే ముందు వాటి వరసలో నిలబడమనండి.